సూరిబాబు గారు నొక్కితే నడిచేది

దెయ్యాలతో నాకు ఎప్పుడూ పేచీ లేదు. అవి లేవు, నేనున్నాను, అంతటితో మా సంబంధం పూర్తయింది. ధవళేశ్వరంలో మేముంటున్న అద్దె ఇంట్లో ఏదో తిరుగుతోందని ముందున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోతే, అద్దె కాస్త తగ్గుతుందేమోనని సంతోషించిన మనిషిని. తిరిగేది పిల్లి. అద్దె తగ్గలేదు.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కూడా దెయ్యం లేదు. తెల్లచీర లేదు, అర్ధరాత్రి లేదు, కుక్కలు ఏడవలేదు. జరిగిందంతా పట్టపగలు, ట్యూబులైటు కింద, ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కల డిపార్టుమెంటు గదిలో జరిగింది. సాక్షులున్నారు. వాళ్లలో ఒకరు మా హెడ్డు గారు. ఆయన దేన్నీ సులభంగా నమ్మరు, మా సెలవు చీటీలతో సహా.

ముందు సూరిబాబు గారి గురించి చెప్పాలి. చెప్పడం నాకంత సరదా కాదు.

ఆయనా నేనూ ఒకే వారంలో కాలేజీలో చేరాం. ఒకే గదిలో ఎదురెదురు బల్లలు. ఒకే యూనివర్సిటీలో, ఒకే గైడు గారి దగ్గర పీహెచ్‌డీకి రిజిస్టరు చేసుకున్నాం. ఆయన పూర్తి చేశారు. నేను చేస్తూ ఉన్నాను. ఆయన బల్ల మీద పేరుపలకకి ముందు 'డా.' అని ఒక అక్షరం, ఒక చుక్క చేరి కొన్నేళ్లయింది. నా కుర్చీలోంచి చూస్తే ఎదురుగా కనబడేది అదొక్కటే. కిటికీ నా వెనకాల ఉంటుంది.

పైగా మనిషి మంచివాడు. అసలు ఇబ్బంది అదే. చెడ్డవాడైతే నా అసూయకి కాస్త గౌరవం ఉండేది.

ఆయనకి ఇంకో ప్రఖ్యాతి ఉంది. చెయ్యి మంచిది. మా వీధి చివర కిరాణా కొట్టు శెట్టి గారు పొద్దున్నే కొట్టు తెరిచాక నేను పాల ప్యాకెట్టుకి వెళితే, నన్ను నిలబెట్టేసేవారు.

"ఒక్క నిమిషం మాస్టారూ. సూరిబాబు గారు వచ్చే వేళయింది. ఆయన చేత బోణీ అయిపోతే మీకిచ్చేస్తాను. ఏమీ అనుకోకండేం."

నేను ఏమీ అనుకునేవాణ్ణి కాదు. జేబులో డబ్బులుండి, ఎదురుగా పాలుండి, కొనుక్కునే యోగ్యత లేక నిలబడ్డ మనిషి ఏమనుకుంటాడో అదే అనుకునేవాణ్ణి.

ఇంట్లో ఇంకా కష్టం. మా ఆవిడ పద్మ జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతుంది. వేరు నీటిని ఎలా పీలుస్తుందో, ఆకు ఎండని ఎలా వండుకుంటుందో బోర్డు మీద బొమ్మ గీసి గంటసేపు వివరిస్తుంది. ఇంటికొచ్చి, కడియం నర్సరీ నుంచి తెచ్చిన మొక్కని మాత్రం నా చేతికి అందనిచ్చేది కాదు.

"మీరు ముట్టుకోకండి. సూరిబాబు అన్నయ్యగారు సాయంత్రం వస్తానన్నారు. ఆయన చేత నాటిద్దాం."

"మట్టి, నీళ్లు, ఎండ. నువ్వేగా చెబుతావు?"

"అది సిలబస్సండీ."

ఆమె వాదనకి ఆధారాలు లేకపోలేదు. నేను నాటిన గులాబీ చచ్చిపోయింది. జామ చచ్చిపోయింది. కలబంద కూడా చచ్చిపోయింది. కలబందని చంపాలంటే కొంత కృషి చెయ్యాలి. సూరిబాబు గారు నాటిన మల్లె మాత్రం మా గోడ దాటి పక్కింట్లో పూస్తోంది.

ఇదీ నేపథ్యం. ఇక అసలు విషయం.

నా థీసిస్‌లో చివరి అధ్యాయం ఒక పెద్ద పట్టిక. ఒక జాతి సమీకరణాలు తీసుకుని, ఒక్కొక్కదానికీ కొన్ని గుణాలు లెక్కగట్టి వరుసలుగా పేర్చాలి. కాగితం మీద చేస్తే నా మనవలు పూర్తి చెయ్యాల్సి వస్తుంది. దానికి ఉచితంగా దొరికే ఒక గణిత సాఫ్ట్‌వేర్ ఉంది. రెడీమేడ్‌గా దొరికేది పాతది. నాకు కావలసిన సదుపాయం కొత్తదాంట్లోనే ఉంది. ఆ కొత్తది సోర్స్ కోడ్ రూపంలోనే దొరుకుతుంది. అంటే ఇడ్లీ కొనుక్కోవడం కాకుండా, పప్పు తెచ్చి నానబెట్టి, రుబ్బి, పులియబెట్టి, మనమే వండుకోవడం. ఆ వంటనే కంపైల్ చెయ్యడం అంటారు.

నాకు గడువు దగ్గరపడుతోంది. యూనివర్సిటీ వారు ఇచ్చిన ఆఖరి పొడిగింపు అది. దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మళ్లీ మొదలుపెట్టే వయసు నాకు లేదు, మళ్లీ భరించే వయసు మా గైడు గారికి లేదు.

కంపైల్ చేశాను. మొదటి మధ్యాహ్నం ఇది లేదు, అది లేదు అని అలిగింది. అడిగినవన్నీ తెచ్చి పెట్టాను. చివరికి అయింది. దాంతోపాటు వచ్చే పరీక్షలన్నీ నడిపితే అన్నీ పాసయింది. మా విద్యార్థులెవరూ నాకు అంత ఆనందం ఇవ్వలేదు.

నా పట్టిక మొదలుపెట్టాను. చక్కగా నడిచి, నలభై ఒకటో వరుస దగ్గర పడిపోయింది.

తెర మీద 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అని ఒక్క ముక్క వచ్చింది. 'ఈ ప్రోగ్రాము తనది కాని చోట చెయ్యి పెట్టింది, అందుకని చంపేశాను' అని కంప్యూటరు చెప్పుకునే సంజాయిషీ అది.

మళ్లీ నడిపాను. మళ్లీ నలభై ఒకటి. ఆ వరుసని వదిలేసి తర్వాతది నడిపితే నడిచింది. ఆ ఒక్క వరుసే. ఆ సమీకరణంలో విశేషమేమీ లేదు. దాని ముందుదీ వెనకదీ దానికన్నా జటిలం.

నేను హడావిడి మనిషిని కాను. పద్ధతిగా వెళ్లాను. కంపైల్ చేసేటప్పుడు వేగం కోసం పెట్టే సెట్టింగులన్నీ తీసేసి నిదానంగా వండాను. పడిపోయింది. కంపైలర్ మార్చాను. పడిపోయింది. ప్రోగ్రాము ఎక్కడ పడుతోందో వెనక నుంచి చూపించే ఇంకో ప్రోగ్రాము ఉంటుంది. దాన్ని కాపలా పెట్టాను. రెండు మామూలు సంఖ్యల్ని కూడుతూ పడిపోయిందని అది చెప్పింది. కూడిక. మా కాలేజీలో కూడికలో పడిపోయేవాళ్లు ఉన్నారు గాని, వాళ్లు మనుషులు.

ఆ తర్వాత నాకు అసలు దొంగ దొరికాడు. నా మెషీన్లో పెద్ద సంఖ్యల లెక్కలు చూసే లైబ్రరీ రెండు చోట్ల ఉంది. పాతదొకటి, కొత్తదొకటి. కంపైల్ అయినప్పుడు కొత్తదాన్ని చూసుకుని, నడిచేటప్పుడు పాతదాన్ని పిలుస్తోంది. పెళ్లిచూపుల్లో అక్కని చూపించి పీటల మీద చెల్లెల్ని కూర్చోబెట్టినట్టు. ఇలాంటివి పడిపోకపోతేనే ఆశ్చర్యం. పాతదాన్ని తీసేశాను. మొత్తం తుడిచి మళ్లీ కంపైల్ చేశాను. అది అవుతుండగానే వెళ్లి క్యాంటీన్లో పెసరట్టు తిన్నాను. ఉప్మా కూడా పెట్టించుకున్నాను. వేడుక కదా.

నలభై ఒకటో వరుసలో పడిపోయింది.

అప్పుడే సూరిబాబు గారు క్లాసు ముగించుకుని వచ్చారు. చేతినిండా సుద్ద.

"ఏంటండి మాస్టారూ, ఇంకా పడుతోందా?"

"పడుతోందండి."

"నేను నిన్న ఊరికే నా మెషీన్లో కంపైల్ చేసి మీ ఫైలు నడిపి చూశానండి. నడిచిందే?"

ఊరికే. ఊరికే నడిపారట. మా ఇద్దరి కంప్యూటర్లూ కాలేజీ ఒకే రోజు, ఒకే అట్టపెట్టెల వరుసలోంచి కొన్నవి. ఆయన తయారుచేసిన ప్రోగ్రామునే పెన్‌డ్రైవులో తెచ్చి నా దాంట్లో పెట్టాను. పడిపోయింది. మెమరీ చిప్పులు పాడయ్యాయేమోనని ఆయనవి నాకూ, నావి ఆయనకీ మార్చాం. ఆయనది నడిచింది. నాది పడిపోయింది.

"ఏదీ, ఇలా జరగండి ఒకసారి" అన్నారు.

నా కుర్చీలో కూర్చోలేదు కూడా. నిలబడే, పక్కనుంచి చెయ్యి చాపి, పాత ఆదేశాన్ని వెనక్కి తెచ్చే బాణం మీట ఒకసారీ, ఎంటర్ ఒకసారీ నొక్కారు. నేను టైపు చేసిన ఆదేశమే. నా లాగినే. నా మెషీనే.

ముప్పై తొమ్మిది. నలభై. నలభై ఒకటి. నలభై రెండు.

పట్టిక చివరిదాకా వెళ్లింది. నా ఎంటర్ మీట మీద తెల్లగా ఒక వేలిముద్ర ఉంది.

"ఏదో వేళ్లు కుదిరాయండి" అని నవ్వేసి సూరిబాబు గారు చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. ఆయన అటు వెళ్లగానే నేను నొక్కాను. పడిపోయింది.

లెక్కల మాస్టార్ని కాబట్టి దీన్ని అక్కడితో వదల్లేదు. చేసినవన్నీ చెబుతాను, మీరే చూసుకోండి.

ఆయన ఎడమచేత్తో నొక్కితే పడిపోయింది. కుడిచేత్తో నొక్కితే నడిచింది. ఏ వేలైనా సరే. ఆయన కళ్లు మూసుకుని నొక్కినా నడిచింది. ఆయన గదిలో ఉండగా నేను నొక్కితే పడిపోయింది. ఎవరూ నొక్కనక్కర్లేకుండా ఫలానా వేళకి దానంతటదే మొదలయ్యేటట్టు నేను ఏర్పాటు చేశాను. పడిపోయింది. అదే ఏర్పాటు ఆయన చేత టైపు చేయించాను. నడిచింది. ఆ వేళకి ఆయన కాకినాడ బస్సులో ఉన్నారు.

ఆఖరికి ఆయన కుడిచేతి చూపుడువేలు నేను పట్టుకుని, దాన్ని ఎంటర్ మీద పెట్టి నేను నొక్కాను. పడిపోయింది. సరిగ్గా ఆ సమయానికి హెడ్డు గారు లోపలికొచ్చారు. ఇద్దరు వయసొచ్చిన లెక్చరర్లు ఒకరి వేలు ఒకరు పట్టుకుని కీబోర్డు ముందు వంగి ఉన్న దృశ్యాన్ని ఆయన కాసేపు చూశారు.

"ఏం జరుగుతోందండి ఇక్కడ?"

సూరిబాబు గారు ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు, అదొకటి. హెడ్డు గారు కళ్లజోడు సర్దుకుని, స్వయంగా ఎంటర్ నొక్కారు. పడిపోయింది. సూరిబాబు గారు నొక్కారు. నడిచింది. హెడ్డు గారు తెరని చూశారు, మమ్మల్ని చూశారు.

"వైరస్సయి ఉంటుంది" అని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఒక నెలపాటు మా గదిలోంచి ఏదైనా కాగితం కావాలంటే మనిషిని పంపేవారు, తాను వచ్చేవారు కాదు.

ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకి కూడా ఫిర్యాదు పెట్టాను. ఎక్కడో దూరదేశాల్లో ఉంటారు, మర్యాదస్తులు. లోపం మళ్లీ కనబడాలంటే ఏమేం చెయ్యాలో వరసగా రాయమన్నారు. రాయడానికి కూర్చున్నాను. 'మొదట, నేను నొక్కాలి' అని రాసి చాలాసేపు దానివంక చూశాను. చెరిపేశాను. మా దగ్గర బాగానే నడుస్తోందని వాళ్ల జవాబు వచ్చింది. అందరి దగ్గరా బాగానే నడుస్తోంది. అదే నా బాధ కూడా.

ఇంటికెళ్లి పద్మతో చెప్పాను. ఆమె ఆశ్చర్యపోతే కొంత ఊరటగా ఉండేది.

"మరి ముందే ఆయన చేత నొక్కించకపోయారా?" అంది, బెండకాయలు తరుగుతూ.

పట్టిక వచ్చింది. థీసిస్ గడువులోపల సమర్పించాను. మొదట్లో వచ్చే కృతజ్ఞతల పేజీ దగ్గర మాత్రం మూడు సాయంత్రాలు ఆగిపోయాను. ఏమని రాయాలి? 'ఎంటర్ నొక్కినందుకు' అని రాస్తే ఆయన గొప్ప, రాయకపోతే నా నీచం. చివరికి 'గణనలో చేయూతనిచ్చిన సహాధ్యాపకులకు' అని రాశాను. పేరు రాయలేదు. నిజానికి అంతకన్నా కచ్చితమైన మాట ఆ థీసిస్ మొత్తంలో ఇంకోటి లేదు.

కొన్ని నెలలకి పరీక్షకుల అభిప్రాయాలు వచ్చాయి. అన్నీ బాగున్నాయి. ఒకాయన మాత్రం చివర్లో ఒక వాక్యం చేర్చారు: పట్టిక కీలకం కనుక, వైవాలో అభ్యర్థి దాన్ని తన ఎదుట నడిపి చూపించాలి, ముఖ్యంగా నలభై నుంచి యాభై దాకా ఉన్న వరుసలు.

అన్ని వరుసల్లో ఆయనకి అవే ఎందుకు కావలసి వచ్చాయో నేను అడగలేదు. అడిగే స్థితిలో లేను.

"దానికేముందండి మాస్టారూ" అన్నారు సూరిబాబు గారు. "నేను కంప్యూటర్ దగ్గర కూర్చుంటాను. ప్రొజెక్టర్ చూసుకునే మనిషిలాగా. మీరు కర్ర పట్టుకుని తెర దగ్గర నిలబడి చెప్పండి. నొక్కమన్నప్పుడు నేను నొక్కుతాను. ఎవరికి తెలుస్తుంది?"

ఆ ఏర్పాటు బాగానే ఉంది. నా జీవితంలో అతి ముఖ్యమైన రోజున నేను కర్ర పట్టుకోవాలి, ఆయన నొక్కాలి. సరేనన్నాను.

వైవా వారం ఉందనగా, సూరిబాబు గారు కాలవ గట్టు రోడ్డు మీద స్కూటరుతో జారిపడ్డారు. కోతల రోజులు. రోడ్డుకి సగందాకా ధాన్యం ఆరబోసి ఉంది. ఎదురుగా వచ్చే ట్రాక్టరుకి దారిద్దామని ధాన్యం మీదకి ఎక్కించారు. గింజల మీద స్కూటరు మనిషి మాట వినదు.

కబురు పద్మ ఫోనులో చెప్పింది. "అన్నయ్యగారు పడిపోయారండీ, చెయ్యి విరిగిందట" అంది.

నేనన్న మొదటి మాట: "ఏ చెయ్యి?"

"కుడిచెయ్యి" అంది. ఆ మాటని ఆమె నాకు జవాబుగా చెప్పలేదు. నేనెలాంటివాణ్ణో తనకి తాను చెప్పుకున్నట్టు చెప్పింది.

చూడటానికి వెళ్లాను. మోచేతి దాకా కట్టు. కట్టు చివర వేళ్ల కొసలు మాత్రం ఉబ్బి బయటకి కనబడుతున్నాయి. ఆయన నన్ను చూసి లేవబోయారు.

"మీ వైవాకి ఇలా చేశానేంటండి మాస్టారూ! ఎడమచేత్తో ఏమన్నా..."

"అది చూశాం కదండీ. పడిపోతుంది."

"ఆయ్, అవునండీ." నిజంగా బాధపడ్డారు. తన చెయ్యి గురించి కాదు. నా పట్టిక గురించి. ఇంత చూశాక కూడా ఆ మనిషి మీద నాకున్నది తగ్గలేదంటే, అది జబ్బుకిందే లెక్క.

మా కాలేజీ యూనివర్సిటీకి రీసెర్చ్ సెంటరు కావడంతో వైవా మా సెమినార్ హాల్లోనే పెట్టారు. నా కంప్యూటరుని అక్కడికి మోయించాను. తీగలు కలుపుతుంటే చూశాను: ఎంటర్ మీట మీద ఆ సుద్దముద్ర ఇంకా లీలగా ఉంది. అన్ని నెలలూ నేను దాన్ని తుడవలేదు. సోమరితనం వల్లేనని ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి.

సూరిబాబు గారు మెడలో కట్టు వేలాడేసుకుని వచ్చి మొదటి వరసలో కూర్చున్నారు. పరీక్షకుడు రాకముందు లేచి నా దగ్గరకొచ్చారు. చెయ్యి కలపడానికి లేదు. కట్టులోంచి బయటకున్న వేళ్ల కొసల్ని నా కుడిచేతి మెటికల మీద మెల్లిగా ఆనించారు.

"వెళ్లి నొక్కండి మాస్టారూ. ఏమవుతుంది మహా అయితే, పడిపోతుంది."

నా మనసులో ఏముందో కూడా రాస్తాను, సాక్ష్యం పూర్తిగా ఉండాలి కాబట్టి. ఆ క్షణంలో నేను దేవుణ్ణి తలుచుకోలేదు, గైడు గారిని తలుచుకోలేదు. ఆ ఉబ్బిన వేళ్లని చూస్తూ, ఈ చెయ్యి నాకుండాలి అనుకున్నాను. అంతే. చాలా ఏళ్లుగా అనుకుంటున్నదే, ఈసారి కాస్త గట్టిగా.

పరీక్షకుడు వచ్చారు. మాట్లాడాను. ప్రశ్నలు అడిగారు, చెప్పాను. తర్వాత ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఏదీ, ఆ నలభైల్లో వరుసలు ఒకసారి నడపండి" అన్నారు.

నేనే కూర్చున్నాను. నా వేలే. ఎంటర్ నొక్కాను.

నలభై వచ్చింది. నలభై ఒకటి దగ్గర కాసేపు ఆగింది. మా గైడు గారు దగ్గారు. నలభై రెండు వచ్చింది. నలభై మూడు. యాభై దాకా వెళ్లి, ఇంకేమైనా పనుందా అన్నట్టు కర్సరు మెరుస్తూ నిలబడింది.

"బాగుంది" అన్నారు పరీక్షకుడు. "ఇదంత పెద్ద విషయం కాదులెండి, ఊరికే అడిగాను."

ఊరికే. ఆ మాట నన్ను వదలదు.

డిగ్రీ ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. సూరిబాబు గారికి ఒక చెయ్యే ఉంది కాబట్టి తొడమీద కొట్టుకున్నారు, అందరికన్నా గట్టిగా.

ఆ సాయంత్రమే మళ్లీ నడిపాను. నడిచింది. మర్నాడు నడిచింది. ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా నా చేతిలో అది ఒక్కసారి కూడా పడలేదు. ప్రోగ్రాములో నేను ఒక్క అక్షరం మార్చలేదు. మెషీనులో కొత్తగా ఏమీ చేర్చలేదు.

ఇక్కడితో అయిపోతే, ఏదో యాదృచ్ఛికమని నేనే మీకు సర్దిచెప్పేవాణ్ణి.

సూరిబాబు గారి కట్టు విప్పారు. ఎముక చక్కగా అతుక్కుంది. కాలేజీకొచ్చిన మొదటి రోజే సరదాకి తన మెషీన్లో నా పట్టిక నడిపారు, కుడిచేత్తో. నా బల్ల దగ్గర కూర్చుని ఆయన మొహం చూస్తున్నాను.

"మాస్టారూ" అన్నారు. "నలభై ఒకటండి."

వెళ్లి చూశాను. సెగ్మెంటేషన్ ఫాల్ట్. ఆయన మళ్లీ నొక్కారు. పడిపోయింది. నన్ను నొక్కమన్నారు. నేను నొక్కాను. చివరిదాకా నడిచింది.

ఆయన తన చేతిని ఒకసారి తిప్పి చూసుకున్నారు, వెనకా ముందూ. నేను నా చెయ్యి జేబులో పెట్టుకున్నాను. ఆయనేమో నవ్వారు.

"అయితే మీ దగ్గరకొచ్చేసిందన్నమాట! పోన్లెండి, ఎక్కడికీ పోలేదు. ఇద్దరం ఒకే గదిలో ఉంటాం కదా. అవసరమైతే పిలుస్తాను."

అని టీ తాగడానికి వెళ్లిపోయారు. టీ ఆయన రోజూలాగే తాగారు. నేను చూశాను. నా చెయ్యి పోయి ఆయనకి వెళ్లి ఉంటే నేను అలా తాగగలిగేవాణ్ణి కాదు. ఇప్పుడు ఆయన దగ్గర 'డా.' ఉంది, నా దగ్గరా ఉంది. చెయ్యి నా దగ్గరే ఉంది. అయినా ఆ టీ గ్లాసు వంక చూస్తే నాకు కడుపులో మండింది.

చివరిది మా ఇంటి విషయం. పద్మ కడియం నుంచి కరివేపాకు మొక్క తెచ్చింది. అన్నయ్యగారి చెయ్యి నయమైంది కదా అని కబురు పెట్టింది.

"చెల్లెమ్మా, ఈసారి మాస్టారి చేత నాటించమ్మా" అన్నారు ఆయన, పెరట్లో నిలబడి.

"మీరు మరీనండి అన్నయ్యగారూ. కలబంద సంగతి మర్చిపోయారా?"

ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, ముగ్గురిలో ఒకడు నవ్వకపోతే బాగుండదని. ఆయనే నాటారు. వారం తిరక్కుండా మొక్క ఎండిపోయింది. ఆకులన్నీ రాలి పుల్ల మిగిలింది. నర్సరీవాడు మోసం చేశాడంది పద్మ.

ఆమె కాలేజీకి వెళ్లిన ఒక మధ్యాహ్నం నేను కడియం వెళ్లి, అచ్చం అలాంటి మొక్కే తెచ్చి, ఎండిన పుల్లని పీకేసి, అదే గుంటలో నా చేత్తో నాటాను. ఒక పట్టికతో తృప్తిపడకూడదు, రెండో ఆధారం కావాలి అనుకున్నాను. ఆమెకి చెప్పలేదు. ఎండిన మొక్కని చూడలేక ఆమె అటువైపు వెళ్లడమే మానేసింది. ఫలితం వచ్చాక చెబుదామని.

ఫలితం వచ్చింది. కొన్నాళ్లకి పొద్దున్నే పెరట్లోంచి కేక వినబడి వెళ్లాను. మొక్క నిండా లేత చిగుళ్లు. కొత్త రెమ్మలు, వాసన గుమ్మం దాకా వస్తోంది. అంత ఏపుగా పెరిగిన మొక్క మా పెరట్లో మల్లె తర్వాత ఇదే.

"చూశారా!" అంది పద్మ. కళ్లు మెరుస్తున్నాయి. "పూర్తిగా ఎండిపోయిందనుకున్నామా? చిగిర్చిందండీ! అందుకే ఆయన చేత నాటించేది!"

ఎండిన పుల్ల కొత్త కాండంతో, కొత్త కొమ్మలతో లేచిందని బోటనీ లెక్చరర్ నమ్మింది. నేను నోరు తెరిచాను. ఏమని చెప్పాలి? చెబితే, దొంగతనంగా మొక్క మార్చినవాణ్ణవుతాను. మొక్క మాత్రం ఎందుకు బతికిందో అప్పటికీ చెప్పలేను.

ఇప్పటికీ చెప్పలేను. ఆ చెయ్యి నాకెలా వచ్చింది, ఆయనిచ్చారా, నేను తీసుకున్నానా, ఆ ఒక్క వరుసకి మా ఇద్దరి చేతులతో పనేంటి, ఏదీ నాకు తెలియదు. తెలిసినవాళ్లుంటే నేను వినడానికి సిద్ధం.

ఆ రోజు పద్మ మొదటి రెమ్మ తుంచి పులుసు చేసింది. ఒక గిన్నెడు ముందు సూరిబాబు గారింటికి నా చేతే పంపించింది.